ఎనిమిది నోర్లు, ఒక్క అకౌంట్

ఎల్లారెడ్డి
6 నవంబర్ 2025, గురువారం

తమ్మీ శైలేందర్,

ఈ కాగితం తంబాకు వాసన కొడుతుంటె మూతి ముడవకు. కార్ఖానా బండిల, బీడీ గంపల నడుమ పెట్టుకొని ఎల్లయ్యన్న తెస్తున్నడు. ఆ బండి గురువారం మా బీడీలు కామారెడ్డికి తీస్కపోతది, శనివారం ఆకు, తంబాకు ఏసుకొని మల్ల వస్తది. నువ్వు కూడ జవాబు అండ్లనే పంపు.

ఫోన్ చేస్తె అయిపోయేదానికి లెటర్లేందని నవ్వుతవు. మా ఇంట్ల ఫోన్ ఒక్కటే. నేను ఎత్తినప్పుడల్ల మా అత్త హన్మవ్వ స్పీకర్ పెట్టమంటది. నీ ఫోనేమో పొద్దుగాల తొమ్మిదికే మీ షోరూం సేటు గల్లాపెట్టెల పెట్టిచ్చుకుంటడు. మొన్న మంగళవారం ఓపెన్ ఇంటర్ ఫీజు కట్టనీకి వచ్చిన్నాడు నువ్వు నా పక్కన నిలబడ్డవన్న మాటే గాని, సేటు ఎక్కడ చూస్తడో అని దిక్కులే చూస్తివి.

అప్పుడు అడగలేకపోయింది ఇప్పుడు అడుగుత. ఏప్రిల్‌ల పరీక్షలు. మా అత్త సరే అన్నది గాని ఒక షరతు పెట్టింది. రోజుకు వెయ్యి బీడీలల్ల ఒక్కటి తగ్గొద్దు. చేతులు నాయి, చెవులు నీయి అన్నది. అందుకే టీవీల పాఠాలు పెట్టుకొని వినుకుంట చుడుతున్న. పన్నెండేండ్లప్పటి సంది చుడుతున్న, ఇరవై ఆరొచ్చినయి. ఇంటర్ పాసయితె అంగన్‌వాడీ నౌకరికి కాగితం పెట్టుకోవచ్చు. చాట ఒళ్ళెకెళ్ళి దిగాలంటె నాకు ఉన్న తొవ్వ అదొక్కటే.

ఇబ్బంది ఏందంటె యాడ్స్. ఉగాదికి మీ బావ మస్కట్ నుంచి పైసలు పంపి యూట్యూబు వచ్చేటట్టు టీవీ వెనక గుచ్చే పుల్ల తెప్పిచ్చిండు కదా, నువ్వే వచ్చి బిగిస్తివి. ఎకనామిక్స్ సారు "డిమాండ్ అంటే" అంటడు, అంతల్నే సబ్బు వస్తది. సబ్బు పోతె బంగారం లోను. మల్ల సారు వచ్చేసరికి ఏం డిమాండో, ఎవరి డిమాండో యాదికుండది. దాటేద్దామంటె రిమోట్ ముట్టాలె. చేతుల నిండ తంబాకు. లేచి, కడిగి, తుడిచి, నొక్కి కూసునే వరకు పది బీడీలు పాయె. దినాం ముప్పై సార్లు.

మా ఇంట్ల మా అత్తతోని కలిపి ఎనిమిది మంది ఆడోళ్లం కూసుంటం. రెండు వారాల కింద నాగవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. రిమోట్‌ను కింద పెట్టి, మైకు బటన్‌ను కాలి బొటనవేలుతోని ఒత్తి, ఏం కావాలెనో నోటితోని అడుగుడు. యాడ్ ఆగదు గాని కొత్త పాఠం పెట్టనీకి లేసే పని తప్పింది. ఇగ చూడు, అందరికీ అదే ఆట. నాగవ్వ మోకాళ్ల నొప్పులకు మందు అడిగింది. ఒకామె పీఎఫ్ పింఛన్ అడిగింది. టీవీ కాదు, కచ్చేరిల కూసున్న పెద్దమనిషనుకో.

యాడ్స్ రాని డబ్బా ఏదన్న ఉంటె చెప్పు. నువ్వు వాటిల్లనే బతుకుతవు.

టైంకు తిను. ఎండల గోడలెక్కుతవు, నీళ్లు తాగు.
సాయిలత


కామారెడ్డి
8 నవంబర్ 2025, శనివారం

అక్కా,

ముట్టింది. చదివితె కోపమొచ్చింది, నీ మీద కాదు.

మూడేండ్ల సంది గోడలకు టీవీలు బిగిస్తున్న. ఇంత పెద్ద టీవీ ఇంత సస్తగ ఎట్లొస్తుందని ఒక్కడంటె ఒక్కడు అడగడు. డబ్బా అమ్మితె వాళ్లకు మిగిలేది తక్కువ. డబ్బా ముంగట కూసున్నోళ్లను అమ్ముకుంటరు. నేను బిగించేది టీవీ కాదక్కా, మనుషుల ఇంట్ల గోడకు అంగడి బిగిచ్చి వస్తున్న. పైంగ నాకు చాయ పోస్తరు.

పోయిన నెల మద్నూర్‌ల ఒక ముసలాయన ఇంటికి పోయిన. ఆయన మరాఠీ తప్ప మాట్లాడడు. టీవీ ఆన్ చేస్తె తెర మీది సగం యాడ్సే. గమ్మున లేచి తువ్వాల తెచ్చి ఆ సగం మీద కప్పిండు. ఇగ నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపిండు. రాత్రులు కూసొని యూట్యూబుల నేర్సుకున్న నా విద్యంత ఆ తువ్వాల ముంగట దిగదుడుపు.

నువ్వడిగినదానికి వస్త. నెలకింత కడితె యాడ్స్ రావంటరు. నమ్మకు. నిరుడు రావని కట్టిచ్చుకున్నోడే ఇయ్యాల తక్కువ వస్తయి అంటున్నడు. రేపు ఇంకేమంటడో. పేరు లేని డబ్బాలు సందుకొకటి దొరుకుతయి, అన్నీ ఫ్రీ అంటరు. అండ్ల ఏమేం దాగుంటయో బిగించిన నాకే తెల్వది, ఇంట్లకు రానియ్యకు. పాత కంప్యూటర్‌ను టీవీకి తగిలిచ్చి యాడ్స్ ఆపొచ్చు, నాకు వస్తది. గాని దానికి మౌస్ పట్టాలె, నీకు చెయ్యి ఖాళీ లేదు. ఇగ మిగిలింది మిద్దె మీద పెట్టే సర్కారు డిష్ గొడుగు. నెలనెల కట్టేది లేదు, అకౌంట్ లేదు, చదువు ఛానళ్లు వస్తయి. గాని వాళ్లు చెప్పినప్పుడు నువ్వు వినాలె, నువ్వు అడిగినప్పుడు వాళ్లు చెప్పరు. మా గోదాంల పాత గొడుగు ఒకటి పడున్నది. నేనే తెచ్చి బిగిస్త.

ఎప్పుడంటె చెప్పలేను. పెండ్లిండ్ల సీజన్, డిసెంబర్ దాక సెలవు లేదు. గట్టిగ అడిగితె సేటు బీరువ దిక్కు చూస్తడు. నా ఐటీఐ సర్టిఫికెట్ ఒరిజినల్ అండ్లనే ఉన్నది. రెండేండ్లు చేస్తె ఇస్త అన్నడు, మూడేండ్లాయె. అది లేంది ఇంకో తాన నౌకరి రాదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

ఒక్క మాట ఇను. ఆ మైకుల మాట్లాడుడు బంద్ చెయ్యిండ్రి. అది విని ఊకుండది, రాసి పెట్టుకుంటది. ఎవరి అకౌంట్ మీద ఉంటె వాళ్ల పేరు మీద.

బావను అడిగినట్టు చెప్పు.
శైలేందర్


ఎల్లారెడ్డి
20 నవంబర్ 2025, గురువారం

తమ్మీ,

నీ మాట వచ్చేసరికి ఆలస్యమైంది.

ముందు యాడ్స్ మారినయి. మోకాళ్ల నూనె, పింఛన్ ఆఫీసు, అడిగినయన్నీ తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చినయి. అందరం నవ్వుకున్నం. ఒకనాడు పొద్దుమూకి మా మామ కిష్టయ్య భజన పెట్టుకున్నడు. నడుమ ఒక నల్లకోటాయన వచ్చి, భార్యాభర్తల కేసులకు మమ్మల్ని కలవండి అన్నడు. భజన మల్ల వచ్చింది. మల్ల నల్లకోటు. మా మామ, "ఇది మనింటికి ఎందుకొస్తున్నది?" అన్నడు. మా అత్త బీడీ మూతి మలుపుకుంట కూసున్నది, తల ఎత్తలే.

ఆదివారం మస్కట్ నుంచి ఫోన్. స్పీకరే. మీ బావ శ్రీకాంత్ నమస్తె లేదు, బాగున్నవా లేదు. టీవీని ఏమేం అడుగుతున్నవే అన్నడు. అడిగినయన్నీ ఆయన ఫోన్ల ఉన్నయట. ఒక్కొక్కటి చదువుకుంట వచ్చిండు. మోకాళ్ల నొప్పులు. పీఎఫ్ పింఛన్. కామారెడ్డిల ఆడోళ్ల హాస్టల్. విడాకులకు కాగితాలు ఎట్ల పెట్టాలె. అక్కడ ఆగిండు. ఇగ ముంగటికి చదవలే.

హాస్టల్ నేనే అడిగిన. పరీక్షలు కామారెడ్డిల అయిదారు దినాలు ఉంటయి, నువ్వు నలుగురు మొగోళ్లతోని ఒక్క రూంల ఉంటవు, నేనెక్కడ పండాలె? విడాకులు నేను అడగలే. అడిగినామె ఎవరో నాకు ఎరుకే. అందరు అన్నానికి లేసినప్పుడు ఒక్కతే వెనక ఉండి మెల్లగ అడిగింది, నేను దర్వాజ కాడి నుంచి విన్న. పేరు ఇక్కడ రాయను, ఈ బండి కాగితం ఎవరి చేతుల పడుతదో. పేరు చెప్తె ఆమె పానానికి మీదికొస్తది. అందుకే మీ బావ అడిగితె "నేను కాదు" అన్న. మరెవరు అంటె ఊకున్న. ఊకుంటె ఒప్పుకున్నట్టే అన్నడు.

తీర్పు అయిపోయింది. టీవీ బంద్. ఆడోళ్లు మా ఇంటికి రావద్దు. కామారెడ్డి పోవుడు లేదు, పరీక్ష లేదు. మా అత్త టీవీ మీద దుప్పటి కప్పింది. గదిల దాన్ని చూస్తె ఎవరో ముసుగు పెట్టి పండినట్టున్నది.

నేనిప్పుడు ఒక్కదాన్నే చుడుతున్న. నువ్వు తొందరపడి ఏం చెయ్యకు. ఏం చెయ్యాలెనో తోస్తలేదు గాని, తొందర మాత్రం వద్దు.

సాయిలత


కామారెడ్డి
22 నవంబర్ 2025, శనివారం

అక్కా,

చిన్నప్పటి సంది నీకొక అలవాటు. దెబ్బ తగిలితె ఇంకెవరికో తగిలింది అంటవు. ఆరో తరగతిల పంతులు కొడితె కూడ పక్కపిల్లకు కొట్టిండన్నవు.

హాస్టల్ నువ్వే అడిగినవు, విడాకులు మాత్రం వేరేటామె అడిగిందా? నేను టీవీలు బిగించేటోన్నే గాని పిచ్చోన్ని కాదు. నువ్వు అక్కడ ఉండలేకపోతున్నవు, చెప్పనీకి సిగ్గుపడుతున్నవు. తోడబుట్టినోనికి కూడ చెప్పకపోతె ఎవరికి చెప్తవు?

అందుకే నిన్న రూంకు రాంగనే నేనే బావకు ఫోన్ కొట్టిన. సాఫుగ చెప్పిన. మా అక్క కాగితాలు కావాలంటె ఇస్తవా ఇయ్యవా, నీ టీవీ నీ దగ్గర పెట్టుకో, ఆటో తీస్కొని వచ్చి తోలుకపోత అన్న. ఆడదాని మీద అకౌంట్ పెట్టి కాపలా కాస్తున్నవా అన్న. ఇంకా రెండు మూడు అన్న, అవి రాయను. ఆయన విన్నడు, పెట్టేసిండు.

నువ్వు బట్టలు సర్దుకో. సేటు ఏమన్నా అననీ. నా సర్టిఫికెట్‌ను ఆయన కొరుక్కొని తిననీ. నాకు ముంగట నువ్వు.

నీ తమ్ముడు
శైలేందర్


ఎల్లారెడ్డి
24 నవంబర్ 2025

శైలేందర్,

ఇది బండిల కాదు, కంచె కాడ నాగవ్వ చేతికిచ్చి పోస్టుల ఏపిస్తున్న. చదివి చింపెయ్యి.

విడాకులు అడిగింది పల్లవి. మా ఎడమ దిక్కు ఇల్లు. మొగడు తాగి కొడుతడు, పొయ్యిల కట్టెతోని కూడ కొట్టిండు. పెండ్లయి మూడేండ్లు. మా రెండిండ్లకు నడుమ ఉన్నది ఒక్క గోడ. నేను ఆమె పేరు చెప్తె మా అత్త నోటి నుంచి వాళ్ల అత్త చెవుల పడనీకి ఒక పూట సాలు. తెల్లారి పల్లవి ఉంటదో లేదో.

గందుకే నోరు మూసుకున్న. నువ్వు నాకోసం తెరిచినవు. తొందర వద్దని రాసిన, కండ్లు పోయినయా? మీ బావ నా మాట సగమన్న నమ్ముతుండె. ఇప్పుడు తోడబుట్టినోడే కాగితాలు ఇస్తవా అని అడిగినంక ఇంకేం నమ్ముతడు? నిన్న మా అత్తకు ఫోన్ చేసి, ఆమెను గడప దాటనియ్యకు అన్నడు. నేను పక్కనే ఉన్న. స్పీకరే కదా.

ఇంటి వెనక కంచె దాక పోయినా మా మామ దగ్గుకుంట వెనక వస్తున్నడు. పాపం, ఆయనకూ ఇష్టం లేదు. రెండడుగులు దూరం నిలబడి ఆకాశం దిక్కు చూస్తడు.

నా మీద ప్రేమ ఉంటె నువ్వు అరుసుడు ఆపు. నీ కోపం నీకు చల్లగయితది, దాని మంట నేను కాగుతున్న. నాకు ఆటో వద్దు. మొగన్ని ఇడిసి పెట్టుడు వద్దు. పరీక్ష కావాలె. నాలుగు సార్లు రాసి చెప్పాలెనా?

సాయిలత


కామారెడ్డి
29 నవంబర్ 2025, శనివారం

అక్కా,

చింపేసిన. చింపే ముందు రెండు సార్లు చదివిన.

తప్పయింది. ఇంతకంటె మంచిగ రాయనీకి నాకు రాదు.

ఇంకో తప్పు ఉన్నది, అది ఇంకా పెద్దది. మీ ఇంట్ల ఆ పుల్ల బిగించింది నేను. మేము టీవీ పెట్టినప్పుడు తెర మీద వరుసగ అడుగుతది. నీ మాటలు రాసి పెట్టుకోవాల్నా, నువ్వు చూసేదాన్ని బట్టి యాడ్స్ ఇయ్యాల్నా, ఒప్పుకుంటున్నవా? గిరాకి చదవడు. మేము చదవనియ్యం, ఇంకో ఇల్లు ఉంటది. ఒప్పుకుంటున్న, ఒప్పుకుంటున్న, ఒప్పుకుంటున్న అని మా బొటనవేలే నొక్కుతది. రోజుకు పది ఇండ్లు. ఆ ఉగాదినాడు మీ ఇంట్ల కూడ గట్లనే నొక్కిన. అకౌంట్ అడిగితె బావ పైసలు పంపిండు కదా అని బావదే పెట్టిన. నువ్వు పొయ్యి కాడ ఉన్నవు, నిన్ను అడగలే. నా అక్క ఇంట్ల కూడ నేను కూలోని లెక్కనే పని చేసిన.

బావకు మల్ల ఫోన్ చేసిన. అరవలే. పేరు చెప్పకుండ, ఎనిమిది మంది అడిగిన మాటలు అవి, ఒక్కామెవి కావు అని చెప్పిన. ఆయన ఒకటే అన్నడు. ఆయన రూంల ఆరుగురు ఉంటరట. అందరికీ కలిపి ఒక్క టీవీ, దాంట్ల ఈయన అకౌంట్. పని నుంచి వచ్చి టీవీ పెడితె, మీకోసం అని విడాకుల వీడియోలు వచ్చినయట. అయిదుగురు నవ్విండ్రట. "నేను కాపలా కాయలే శైలేందర్. అన్నం ముంగట కూసుంటె అదే వచ్చి నా మొఖం మీద పడ్డది" అన్నడు. నాకు తిట్టనీకి నోరు రాలే. నమ్మిండో లేదో తెల్వది. మరెవరో చెప్పు అన్నడు. నేను చెప్పలే.

ఇగ పని మాట. గొడుగు వద్దు. చదువు ఛానల్ టైం నీకు కలవది. ఈ గంపల, తంబాకు సంచి కింద, గుడ్డల చుట్టి ఒక పెన్ డ్రైవ్ పంపుతున్న. నీ పాఠాలన్నీ అండ్ల ఎక్కిచ్చిన, వారం పట్టింది. మధ్యాహ్నం అందరు తిననీకి పోయినప్పుడు షోరూం కంప్యూటర్ల దించిన. టీవీ పక్కన సన్నటి బొక్క ఉంటది, దాంట్ల గుచ్చు. ఒక పాఠం అయితె ఇంకోటి దానంతల అదే వస్తది. యాడ్ రాదు. నెట్టు వద్దు, అకౌంట్ వద్దు, ఎవని పర్మిషన్ వద్దు. నువ్వు ఏం విన్నవో అది ఎవ్వనికి చెప్పదు. లక్షల టీవీలు అమ్మే షోరూంల ఇంతకు మించిన సామాను లేదు, గోరంత ఉంటది.

దుప్పటి తీపిచ్చుడు మాత్రం నా చేతుల లేదు.

శైలేందర్


ఎల్లారెడ్డి
18 డిసెంబర్ 2025, గురువారం

తమ్మీ,

రాయనీకి ఇన్ని దినాలు పట్టింది. నీ సామాను ముట్టింది, బియ్యం డబ్బల దాచిన. టీవీ మీద దుప్పటి అట్లనే ఉండె.

ఒక్కదాన్నే చుడితె లెక్క ఎల్లలేదు. వెయ్యి చుట్టే చేతికి ఆరు వందలు కష్టమైంది. పది మంది నడుమ మాట మీద చెయ్యి దానంతల అది ఉరుకుతది. ఒక్కదాన్నే గోడ దిక్కు చూసుకుంట కూసుంటె వేళ్లు నిలబడుతయి. మా అత్తకు కూడ గంతే. ఇద్దరం రెండు మూలలకు కూసుంటుంటిమి. బీడీల లెక్క రాసే కార్ఖానా మునీం వచ్చి గంపల చూసి, ఏం హన్మవ్వా, ముసలిదానివైనవా అన్నడు. ఆ మాట ఆమెకు గుచ్చుకున్నది.

పోయిన శుక్రవారం పల్లవి వచ్చింది. దొంగలెక్క పెరటి దిక్కు నుంచి వచ్చింది. చెయ్యి వాచి ఉన్నది. నా దిక్కు చూడలే, పోయి మా అత్త ముంగట కూసున్నది. "అవ్వా, ఆ మాట అడిగింది నేను. సాయిలత కాదు" అన్నది. ఇగ అయిపోయింది, పొద్దుమూకె వరకు వాడకంత తెలుస్తది అనుకున్న. మా అత్త ఆ వాచిన చెయ్యి దిక్కే చూసింది చాలసేపు. పసుపు పట్టిచ్చుకో అన్నది. పల్లవి పోయింది.

ఆదివారం మస్కట్ ఫోన్ వచ్చింది. మా అత్తనే ఎత్తింది, అలవాటు కొద్ది స్పీకర్ పెట్టింది. మా మామ మంచం మీద పండుకొని ఉన్నడు.

"శ్రీకాంతూ, టీవీని విడాకులు అడిగింది నీ పెండ్లాం కాదురా. నేను."

అవుతల టీవీ చప్పుడు బంద్ చేసిండు.

"నువ్వెందుకే అవ్వా?"

"మీ బాపుతోని నలభై రెండేండ్లాయె. అడిగి తెలుసుకుంటె తప్పా?"

మా మామ మంచం మీద లేసి కూసున్నడు. కోపం చేస్తడనుకున్న. కొద్దిసేపు తలగోక్కొని, "ఏం చెప్పిందట టీవీ?" అన్నడు.

ఎవ్వరం నవ్వలే తమ్మీ. ఇప్పుడు రాస్తుంటె నవ్వొస్తున్నది గాని అప్పుడు ఎవ్వరం నవ్వలే. మీ బావ ఫోన్ పెట్టేసిండు.

తెల్లారి మా అత్త దుప్పటి తీసింది. ఆ పుల్లను పీకి నా చేతుల పెట్టి, ఇది నీ తమ్మునికే పంపు, వాడే తెచ్చిండు వాడే తింటడు అన్నది. ఆడోళ్లను పిలువుమన్నది. నా మీద ప్రేమతోని అబద్ధం ఆడింది అనుకోకు. లెక్క పడిపోయింది, మునీం మాట పడలేకపోయింది, గంతే. నీ పెన్ డ్రైవ్ గుచ్చిన. సారు డిమాండ్ మొదలుపెట్టి సప్లై దాక ఆగకుండ చెప్పిండు. నాగవ్వకు సబ్బు యాడ్ రాలేదని బెంగ.

పరీక్ష సంగతి ఎవ్వరు ఎత్తుతలేరు. పో అనరు, వద్దనరు. మీ బావ నోటి నుంచి రాంది మా అత్త బస్సెక్కనియ్యది.

గంపల పుల్ల ఉన్నది, చూసి తీసుకో.
సాయిలత


కామారెడ్డి
27 డిసెంబర్ 2025, శనివారం

అక్కా,

పుల్ల ముట్టింది. సుత్తె తీస్కొని కొట్టిన. మంచిగనిపిచ్చింది.

బావ ఫోన్ చేసిండు, ఈసారి ఆయనే. అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చి, అడిగినయన్నీ తుడిచెయ్యి శైలేందర్, నాతోని కాదు అన్నడు. గొంతు మంచిగ లేదు. ఏమైందంటె, చూస్తె నీకే తెలుస్తది అన్నడు.

తెరిచి చూసిన. టీవీని అడిగిన ప్రతి మాట దినంతోని, టైంతోని ఉన్నది. పల్లవి అడిగింది అక్టోబర్ ముప్పై ఒకటి, మధ్యాహ్నం. విడాకుల మాటలల్ల ఆ రోజు బావ మీకు చదివింది అదొక్కటే. ఇంకోటి ఉన్నది. నవంబర్ నాలుగు, మంగళవారం, పదకొండు గంటలకు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న: "అరవై ఏండ్లకు కూడ మొగన్ని ఇడిసిపెట్టొచ్చా."

ఆ మంగళవారం పదకొండు గంటలకు నువ్వు ఇక్కడ, ఫీజు లైన్ల, నా పక్కన ఉన్నవు. నువ్వు లేని దినం ఆడోళ్లు రారు. మీ మామ ఆ టైంకు పొలం కాడ ఉంటడు.

మీ అత్త అబద్ధం ఆడలేదక్కా.

నేను అన్నీ తుడిచిన. ఒక్కటి లేకుండ తుడిచిన. మల్ల బావకు ఫోన్ చేసి అయిపోయింది అని చెప్పిన. మా బాపు ఆమెను ఎన్నడు కొట్టలేదు శైలేందర్, అన్నడు. ఆగి, ఆమెతోని మాట్లాడింది కూడ నేను చూడలే, అన్నడు. ఆఖరికి, సాయిలతను పరీక్ష రాసుకోమను, హాస్టల్‌ల ఉండనియ్యమని మా అవ్వకు నేను చెప్త అన్నడు.

నాకు ఎవని మీద కోపం చేయాల్నో తెలుస్తలేదు. అలవాటు తప్పింది.

శైలేందర్


ఎల్లారెడ్డి
8 జనవరి 2026, గురువారం

తమ్మీ,

మీ బావ చెప్పిండు. మా అత్త విని, సరే, పోనీ అన్నది. హాల్ టికెట్ వచ్చినంక దినాలు రాస్త, హాస్టల్ నువ్వే చూడు. వెయ్యి మాత్రం వెయ్యే, ఆ అయిదారు దినాలవి ముందుగాలనే చుట్టి పెట్టి పోవాలెనట. నిన్నటి సంది పన్నెండు వందలు చుడుతున్న.

నువ్వు రాసింది మా అత్తకు చెప్పలే. ఎట్ల చెప్త? ఆమె నా ముంగట కూసొని ఆకు కత్తిరిస్తది, నేను ఆమె చేతులే చూస్త. పదేండ్ల పిల్లప్పటి సంది చుట్టిన చేతులు. ఒక్కనాడు ఆమె మొఖం దిక్కు గింతసేపు చూడలే నేను.

నాకొక పని చేసిపెట్టు. ఇంకో పెన్ డ్రైవ్‌ల ఎకనామిక్స్ పదిహేడో పాఠం, దాని వెనక ఇంకొక పాఠం ఎక్కియ్యి, అది పరీక్షది కాదు. ఆడదానికి ఏం హక్కున్నది, కొడితె ఎవరికి చెప్పుకోవాలె, కాగితం ఎక్కడ పెట్టాలె, ఏ వయసుల పెట్టొచ్చు, ఇవన్ని ఎవరన్న లాయరమ్మ మన తెలుగుల సాఫుగ చెప్పింది దొరుకుతదా చూడు. భయపెట్టేది వద్దు, ఏడిపిచ్చేది వద్దు. పేరు మాత్రం ఎకనామిక్స్ పద్దెనిమిది అని పెట్టు. నా దగ్గర పదిహేడు దాకనే ఉన్నయి.

సోమవారం మా మామ నస్రుల్లాబాద్ పోతడు, చుట్టాల ఇంట్ల పని ఉన్నది. ఆనాడు ఎనిమిది మందిమి కూసున్నప్పుడు పెడుత. పదిహేడు అయిపోతె అది వస్తది. ఎవరడిగిండ్రని ఎవ్వరు అడగరు, ఎక్కడ రాసి ఉండది.

పల్లవికి ఒక్కదానికైతె చెవుల చెప్పేదాన్ని. మా అత్తకు చెవుల చెప్పే ధైర్యం నాకు లేదు. గందుకే అందరికి పెడుతున్న.

శనివారం బండికి తప్పకుండ పంపు.
సాయిలత